పదహారు వేలా, పదివేల అయిదు వందలా

బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకున్నాక నాకు రెండు ఆసుపత్రుల్లో ఉద్యోగం వచ్చింది. అది 2018 ఆగస్టు. ఒకచోట జీతం నెలకు 16,000. రెండోచోట 10,500. ఇందులో ఆలోచించడానికి ఏముందని బయటివాళ్లు అంటారు. మా ఇంట్లోవాళ్లూ అన్నారు. ఆ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవడం ఎంత కష్టమైందో, ఎంచుకున్నాక దాని ఖరీదు ఎవరు కట్టారో రాస్తున్నాను. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని ఏం చేయాలో తోచక కూర్చున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు చదవాలి.

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. ఉద్దానం. జీడితోటలు, కొబ్బరితోటలు, సముద్రం గాలి. ఇన్ని ఉన్నా మా ప్రాంతం పేరు పేపర్లో వచ్చేది కిడ్నీ జబ్బుల వల్లే. మా పెదనాన్న ఆ జబ్బుతోనే పోయారు. అప్పట్లో మా దగ్గర డయాలసిస్ కేంద్రం లేదు. పలాసలో రైలెక్కి విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు వచ్చేవారు. బడి సెలవుల్లో నేనూ తోడొచ్చేదాన్ని. అక్కడ ఒక సిస్టర్ పెదనాన్న చేతిని తన చేతిలోకి తీసుకుని, “బాబాయ్, పిడికిలి గట్టిగా పట్టు, ఇటు చూడకు, నాతో మాట్లాడు” అంటూ సూది పెట్టేవారు. ఆమె డ్యూటీలో ఉన్న రోజున ఆయనకు భయముండేది కాదు. నేను నర్సింగ్‌లో చేరడానికి ఆమే కారణం. ఆమె పేరు కూడా నాకు తెలియదు.

ప్రైవేటు కాలేజీలో చదివాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది గానీ హాస్టల్, మెస్సు, యూనిఫాం, పుస్తకాలు, క్లినికల్ పోస్టింగ్‌ల ఖర్చులు దానిలోకి రాలేదు. నాన్న రెండు లక్షలు అప్పు తెచ్చారు. నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెల తిరిగేసరికి వడ్డీయే నాలుగు వేలు. నా చదువు పూర్తయ్యేనాటికి నాన్నకూ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రెండు దాటింది. మా ఊళ్లో ఆ మాట వినగానే ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది. ఆ తర్వాత ఏమవుతుందో అందరికీ తెలుసు.

అప్పుడు నేను విశాఖ మద్దిలపాలెంలో ఆర్టీసీ డిపో దగ్గరి వీధిలో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉండేదాన్ని. శ్రీకాకుళం, విజయనగరం నుంచి బస్సులో వచ్చినవాళ్లలో చాలామంది అక్కడ దిగుతారు కాబట్టి ఉద్యోగం వెతుక్కునే మా వైపు పిల్లలు ఎక్కువగా ఆ వీధుల్లోనే గది తీసుకుంటారు. గదిలో నలుగురం. తిండితో కలిపి నెలకు 4,500. బ్యాంకు కోచింగ్‌కు వచ్చినవాళ్లు ఇద్దరు, నర్సింగ్ చదివినవాళ్లం ఇద్దరం.

మొదటి ఆఫర్ హాస్టల్ నుంచి నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో ఉన్న ఒక ఆసుపత్రి నుంచి. కొత్తగా పెట్టారు. యాభై పడకలు కూడా లేవు, కానీ ఐసీయూ ఉంది. ఇంటర్వ్యూలో చదువు గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఎప్పుడు చేరతావు అన్నారు. నేరుగా ఐసీయూ డ్యూటీ, నెలకు 16,000. రెండేళ్ల బాండ్ రాసివ్వాలి. మధ్యలో మానేస్తే లక్ష కట్టాలి. టెన్త్ మార్కుల మెమో నుంచి కౌన్సిల్ సర్టిఫికెట్ దాకా ఒరిజినల్స్ అన్నీ వాళ్ల దగ్గరే ఉంచాలి.

రెండోది ఊరికి అవతలి వైపున్న పెద్ద ఆసుపత్రి. రాత పరీక్ష పెట్టారు. మందుల డోసు లెక్కలు చేయించారు. నర్సింగ్ సూపరింటెండెంట్ గారు నా ముందు ఒక ఖాళీ కేస్ షీట్ పెట్టి, షిఫ్ట్ మారేటప్పుడు పేషెంట్‌ను ఎలా అప్పగిస్తావో చెప్పమన్నారు. మొదటి మూడు నెలలు సీనియర్ సిస్టర్ పక్కనే ఉండి పని నేర్చుకోవాలి, పేషెంట్‌ను ఒంటరిగా ఇవ్వం అన్నారు. బాండ్ లేదు. ఒరిజినల్స్ చూసి, జిరాక్సులు తీసుకుని, తిరిగి నా చేతికే ఇచ్చారు. జీతం 10,500.

లెక్క వేసుకుంటే పదివేల అయిదు వందల్లో హాస్టల్‌కూ వడ్డీకీ పోగా మిగిలేది రెండు వేలు. బస్సు ఛార్జీలు, ఫోను, సబ్బులు అందులోనే. అసలు అప్పులో ఒక్క రూపాయి తీరదు. పదహారు వేలైతే నెలకు ఏడు వేలకు పైగా మిగులుతాయి. నాన్నకు పరీక్షలు చేయించొచ్చు, అప్పూ తగ్గించొచ్చు.

నాన్నకు ఫోన్ చేసి నా మనసు రెండోదాని మీద ఉందన్నాను.

“ఏటమ్మా ఇది? పదారేలు ఇస్తామన్నోల్ని ఒగ్గేసి పదేలకి ఎల్తానంటావేటి?”

“అక్కడ పని నేర్పుతారు నాన్నా.”

“నాలుగేళ్లు సదివింది మరి దేనికి? నేర్సుకోడానికి కాదేటి?”

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. ఆయనకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చదువుకునేటప్పుడు మమ్మల్ని కేజీహెచ్‌కు, చినవాల్తేరులోని మానసిక ఆసుపత్రికి పోస్టింగ్‌ల మీద పంపారు. బీపీలు చూశాం, ఇంజెక్షన్లు చేశాం, డ్రెస్సింగ్‌లు చేశాం, కాన్పులు చూశాం. వెంటిలేటర్ మీదున్న మనిషిని మాత్రం వెనకాల గుంపుగా నిలబడి చూశాం. పక్కన ఎవరూ లేకుండా ఆ మనిషి బాధ్యత నా మీద పడితే ఏం చేయాలో నాకు నిజంగా రాదు. పరీక్షలో రాయగలను. చేతులతో చేయలేను.

మొదటి ఆసుపత్రి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. రేపు సాయంత్రంలోగా వచ్చి సంతకం పెట్టకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామన్నారు. ఆ సాయంత్రం షిఫ్ట్ మారే వేళకు వెళ్లి ఆ ఆసుపత్రి ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాను. యూనిఫాం మీద చున్నీ కప్పుకుని ఒకామె బయటికి వచ్చింది. నా వయసే ఉంటుంది. నాకిక్కడ ఉద్యోగం వచ్చింది, ఎలా ఉంటుంది సిస్టర్ అని అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. “నేను చేరి మూడు నెలలైంది చెల్లీ. ఐసీయూలో అందరికన్నా సీనియర్‌ని నేనే” అంది. రాత్రి ఎంతమంది ఉంటారని అడిగితే ఒక్కరే అంది. పేషెంట్లు ఎంతమంది అంటే, ఎంతమంది వస్తే అంతమంది అంది.

రెండో ఆసుపత్రి దగ్గరా అదే పని చేశాను. అక్కడ బస్టాపులో కనిపించిన సిస్టర్ జీతం గురించి నిట్టూర్చింది. పని ఎక్కువ, సెలవులు దొరకవు అంది. “కానీ నైట్‌లో ఏదైనా అయితే పిలవడానికి మనిషి ఉంటుంది. తిడుతుంది, వచ్చి చేస్తుంది, చేయి పట్టుకుని చేయిస్తుంది” అంది.

ఆ మాట విన్నాకే తేల్చుకున్నాను. తేల్చుకున్నానే గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాన్న క్రియాటినిన్ గుర్తొచ్చింది. అంత డబ్బు వద్దనే హక్కు నాకు ఎక్కడిది అనిపించింది. తెల్లారాక అమ్మకు చెప్పాను. “నీకు బయమేస్తే ఒద్దులేమ్మా. మనిషి పేనం గదా. డబ్బులు ఎలాగో సూసుకుందాం” అంది. నాన్న చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

మా గదిలో ఉన్న రెండో నర్సు అదే చిన్న ఆసుపత్రిలో చేరింది. టీ బండి దగ్గర విన్నదంతా ఆమెకు చెప్పాను. ఆమెకు తండ్రి లేడు. వెనక ఇద్దరు చదువుకుంటున్నారు. “నాకు ఆలోచించే అవకాశం లేదే” అంది. ఒరిజినల్స్ ఫైలు తీసుకుని వెళ్లింది.

నాకు పని నేర్పిన సిస్టర్ కఠినమైన మనిషి. అలారం మోగగానే మెషిన్ వైపు చూస్తే ఊరుకునేది కాదు. ముందు పేషెంట్ ముఖం చూడు, ఛాతీ కదులుతోందో లేదో చూడు, తర్వాత మెషిన్ చూడు అనేది. కఫం లాగే సక్షన్ పదిహేను సెకన్లు దాటనిచ్చేది కాదు. పొటాషియం క్లోరైడ్ యాంపూల్ చేతిలోకి తీసుకుంటే చాలు, పక్కకొచ్చి నిలబడేది. దాన్ని పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. పుస్తకంలో అది ఒక వాక్యం. ఆ సిస్టర్ నా చేయి పట్టుకుని ఆపిన రోజునుంచి అది నా చేతుల్లోకి వచ్చింది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు పైగా గాలి. ఇంటికి ఫోన్ కలవలేదు. సెలవు దొరికి వెళ్లేసరికి దారి పొడవునా కరెంటు స్తంభాలు పడిపోయి ఉన్నాయి. మా జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కొబ్బరిచెట్లలో మిగిలినవాటికి తలలు లేవు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్లు. నాన్న పడిపోయిన చెట్ల మధ్య కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఏమీ అనలేదు. పదహారు వేల మాట ఆయన ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను తట్టుకోగలిగేదాన్నేమో.

ఆ నెలలోనే అమ్మ నానుతాడు తాకట్టు పెట్టింది. వడ్డీ కట్టలేకపోయాం. మరుసటి ఏడాది అది వేలానికి పోయింది. అమ్మ మెడలో పసుపుతాడు మిగిలింది. నేను ఎంచుకున్న ఉద్యోగం సరైనదేనని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. కానీ నేను పని నేర్చుకున్నందుకు ఫీజు కట్టింది మా అమ్మ.

ఈలోగా చిన్న ఆసుపత్రిలో చేరిన నా స్నేహితురాలి సంగతి. క్లాసులో మా అందరికన్నా బాగా చదివేది. చేరిన కొద్దిరోజులకే నైట్ డ్యూటీలో ఐసీయూ మొత్తం ఆమె ఒక్కదాని మీద వదిలారు. ఇద్దరు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఒకరికి శ్వాసనాళంలోకి వేసిన గొట్టం కఫంతో మూసుకుపోయిన సమయానికి ఆమె రెండో పేషెంట్ దగ్గర ఉంది. డ్యూటీ డాక్టర్ కింద క్యాజువాల్టీలో ఉన్నారు. ఆ మనిషి చనిపోయాడు. బంధువులు ఆమెను చుట్టుముట్టి తిట్టారు. యాజమాన్యం ఆమె చేత సంజాయిషీ రాయించుకుంది. ఒక్క నర్సును ఎందుకు పెట్టారని యాజమాన్యాన్ని ఎవరూ అడగలేదు.

ఆమె అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. నిద్రలో ఉలిక్కిపడి లేచి “అలారం మోగుతోంది” అనేది. మానేస్తానంటే లక్ష కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమన్నారు. చివరికి ఆమె మేనమామ అప్పు చేసి కట్టాడు. ఒరిజినల్స్ చేతికొచ్చాయి గానీ ఆమె మళ్లీ ఏ ఆసుపత్రి మెట్లూ ఎక్కలేదు. ఇప్పుడు ఒక బట్టల షాపులో పనిచేస్తోంది. ఒక మంచి నర్సును మనం అలా పోగొట్టుకున్నాం.

నేను నేర్చుకున్న పని ఎంత పనికొచ్చిందో తర్వాత తెలిసింది. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైన తెల్లవారుజామున వందలమందిని కేజీహెచ్‌కు, ఇతర ఆసుపత్రులకు తరలించారు. పన్నెండు మంది చనిపోయారు. మా దగ్గరికి వచ్చినవాళ్లు కళ్లు మండి తెరవలేకపోతున్నారు, ఊపిరి ఆడట్లేదు. వాళ్ల బట్టలు విప్పించడం, కళ్లు కడగడం, ఆక్సిజన్ పెట్టడం, ఎవరిని ముందు చూడాలో తేల్చుకోవడం, అన్నీ ఆగి ఆలోచించకుండానే చేశాను. నా పక్కన అప్పుడే చేరిన ఒక పిల్ల వణుకుతూ నిలబడి ఉంది. దాన్ని నా వెనకే ఉండమన్నాను. నాకు పని నేర్పిన సిస్టర్ చేసినది నేను ఆ పిల్లకు చేశాను.

ఉద్యోగంలో చేరాక తెలుసుకున్న కొన్ని విషయాలు ప్రతి కొత్త నర్సుకూ ముందే తెలియాలి. బాండ్ రాయించుకోవడాన్ని, ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడాన్ని భారత నర్సింగ్ కౌన్సిల్ 2011లోనే తప్పుపట్టింది. ఐసీయూలో ఒక్కో పేషెంట్‌కు ఒక్కో నర్సు ఉండాలన్నది ఆ కౌన్సిల్ ప్రమాణమే. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతాలు తేల్చింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. యాభై పడకలు లేని ఆసుపత్రిలోనైనా 20,000కు తగ్గకూడదంది. నాకు వచ్చిన రెండు ఆఫర్లూ ఆ గీత కిందే ఉన్నాయి. ఆ సిఫార్సులు అమలై ఉంటే మా అమ్మ నానుతాడు మెడలోనే ఉండేది.

కొత్తగా బయటికొస్తున్న చెల్లెళ్లకు నేను చెప్పేది ఇదే. సంతకం పెట్టేముందు షిఫ్ట్ మారే వేళకు వెళ్లి అక్కడి నర్సులతో మాట్లాడండి. రాత్రి ఎంతమంది పేషెంట్లకు ఎంతమంది నర్సులో అడగండి. మొదటి మూడు నెలలు మీ పక్కన ఎవరుంటారో పేరుతో సహా చెప్పమనండి. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇచ్చి రాకండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి. కొత్త నర్సును ఒంటరిగా ఐసీయూలో వదిలే చోట ఎంత జీతమిచ్చినా చేరకండి. అమ్మానాన్నలూ, జీతం తక్కువైనా పని నేర్పే చోటికి వెళ్తానని మీ పిల్ల అంటే దాన్ని బద్ధకమనుకోకండి.

అయినా చేరక తప్పనివాళ్లు ఉంటారు, నా స్నేహితురాలిలాగే. వాళ్లకు సలహా ఇస్తే సరిపోదు. 2016 కమిటీ సిఫార్సులను మన రాష్ట్రంలో ప్రతి ప్రైవేటు ఆసుపత్రిలో అమలు చేయించాలి. బాండ్ పేరుతో సర్టిఫికెట్లు దాచుకునేవాళ్ల మీద కేసు పెట్టాలి. పని నేర్చుకోవడమా, ఇంటి అప్పు తీర్చడమా అని ఏ నర్సూ తేల్చుకోవలసిన అవసరం రాకూడదు.