ఇరవైనాలుగ్గంటల రీడింగు

నేను చదివింది సివిల్, చేసేది జావా. ఈ రెంటికీ లంకె ఏమిటని ఎవరూ అడగరు కాబట్టి బతికిపోతున్నా. ఈమధ్య నాన్న ఫోన్ చేసి అడిగేశారు. "పునాది ఎంత లోతు తియ్యాలిరా? మేస్త్రి ఐదడుగులు చాలంటున్నాడు. నువ్వు చదివింది ఇదేగా?"

స్థలం గుంటూరు దగ్గర. నల్లరేగడి. ఆ పక్క వీధిలోనే బాబాయి వాళ్ళిల్లు. కట్టిన మూడేళ్ళకే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు. వానలకి పూడుకుంటాయి, ఎండలకి మళ్ళీ నోరు తెరుస్తాయి.

మట్టిలో బంకమన్ను, అదే మన క్లే, ఎంతుందో తేల్చడానికి హైడ్రోమీటర్ పరీక్ష ఉంది. మట్టిని సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలిపిన నీళ్ళలో గిలక్కొట్టి, లీటరు జాడీలో పోసి వదిలేస్తాం. పెద్ద రేణువులు ముందు దిగుతాయి. రెండు మైక్రాన్ల రేణువు పది సెంటీమీటర్లు దిగాలంటే సుమారు ఎనిమిది గంటలు. అంతకన్నా చిన్నవే క్లే. అందుకే ఆఖరి రీడింగు 24 గంటలకి తీస్తారు. కాలేజీలో ఆ రీడింగుకి మా బ్యాచ్‌లో ఒక్కడూ ల్యాబ్ మొహం చూడలేదు, సీనియర్ రికార్డులోది దించేశాం. అంటే నా రికార్డులో ఇసుక శాతం నాది, క్లే శాతం ఎవరిదో! పదికి తొమ్మిది మార్కులొచ్చాయి లెండి :)

ఊరెళ్ళాను. మేస్త్రి తడిమట్టిని బొటనవేలితో నొక్కుతూ రిబ్బన్‌లా సాగదీశాడు. రెండంగుళాలు దాటినా తెగలేదు. "బంక బాగా ఉంది బాబూ" అన్నాడు. నిజమే. కానీ ఎంత బంక అన్నదొకటే కాదు, ఏ బంక అన్నదీ తేలాలి. కయోలినైట్ అయితే సగం ఉన్నా పెద్దగా ఉబ్బదు. మాంట్‌మోరిల్లొనైట్ అయితే పొరల మధ్యకి నీళ్ళు పీల్చుకుని ఇంటినే పైకెత్తుతుంది.

మట్టి పట్టుకుని ఒక ల్యాబ్‌కి వెళ్ళాం. "రిపోర్టు పంపిస్తాం, మీరెళ్ళండి సార్" అన్నాడు అక్కడి కుర్రాడు. వెళ్ళలేదు. ఊళ్ళోనే ఆగి, మర్నాడు ఆ 24 గంటల రీడింగు నా కళ్ళతో నేనే చూసుకున్నా. క్లే 53 శాతం. పక్కనే రెండు జాడీల్లో పదేసి గ్రాముల మట్టి: కిరోసిన్‌లో వేసింది 10 మిల్లీలీటర్ల దగ్గరే ఉంది, నీళ్ళలో వేసింది 19కి ఉబ్బింది. నాన్న ఆ జాడీల వంక చాలాసేపు చూశారు.

చివరికి అండర్ రీమ్డ్ పైల్స్ వేయిద్దామనుకున్నాం. రూర్కీ సీబీఆర్‌ఐ వాళ్ళు ఇలాంటి నేలల కోసమే రూపొందించిన పద్ధతి. అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బు పెట్టి, తడీ పొడీ ఆటలు సాగని లోతుకి, అంటే కనీసం మూడున్నర మీటర్లకి దించుతారు. ఖర్చు పెరిగింది. పై అంతస్తు ఇప్పట్లో లేనట్టే.

మేస్త్రి ఇంకా అలిగే ఉన్నాడు. బాబాయి మాత్రం ఆ రిపోర్టు జెరాక్స్ ఒకటి అడిగి తీసుకెళ్ళాడు.