నూట నలభై గీత

గుమ్మఘట్టలో ఆ ఇంటి ద్వారబంధం నిండా పెన్సిలు గీతలే. ఎడమవైపున్నవి పాపవి. కుడివైపున్నవి చిన్నోడివి. ఒక్కో గీత పక్కన ఒక్కో తేదీ. పాపకు పదేళ్లు, అయిదో తరగతి. చిన్నోడికి అయిదు. ఆ గీతలన్నిటికీ పైన, ఇంకా ఎవరి తలా తగలని చోట, ఎర్రపెన్నుతో గీసిన గీత ఒకటుంది. దాన్ని గీసింది వాళ్ల నాయన. పక్కన 140 అని రాశాడు.

బెంగళూరు దాటి మైసూరు రోడ్డులో బిడది దగ్గరున్న వండర్‌లాకి పిల్లల్ని తీసుకెళ్లాలని ఆ ఇంట్లో అనుకున్నారు. వెళ్లడం ఖాయం. ఎప్పుడన్నదే పేచీ.

పిల్లలకి ఎన్నేళ్లొస్తే ఇలాంటి చోటికి తీసుకెళ్లొచ్చు? హైదరాబాద్‌లో ఉండేవాళ్లని అడిగితే నవ్వేస్తారు. ఈ సెలవుల్లో భయపడితే వచ్చే సెలవుల్లో మళ్లీ వెళ్తారు, అంతే కదా! అనంతపురం జిల్లాలో, అదీ కర్ణాటక సరిహద్దును ఆనుకున్న గుమ్మఘట్టలో లెక్క వేరు. ఇక్కడ ఏడాది మొత్తానికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ పడేది కూడా శనక్కాయ ఊడ దిగే వేళకి పడితేనే పంట. ఈసారి ఆ ఇంటివాళ్లకి నాలుగెకరాల్లో కాయ బాగా ఊరింది. మళ్లీ ఇలాంటి పంట ఎన్నేళ్లకో ఎవరూ చెప్పలేరు. అంటే వెళ్లేది ఒక్కసారే. ఆ ఒక్కసారి ఎవరి వయసు చూసుకుని వెళ్లాలి?

చిన్నోడికి తగిన వయసు వచ్చేదాకా ఆగితే పాపకు పదిహేనేళ్లొస్తాయి. పదో తరగతి, పరీక్షలు. అప్పుడు నాయన చెయ్యి పట్టుకుని తిరగమంటే తిరుగుతుందా? పాప కోసం ఇప్పుడే వెళ్తే చిన్నోడికి పెద్దయ్యాక ఏం గుర్తుంటుంది?

ఆ రెండో అనుమానం ఊరికే పుట్టింది కాదు. పాపకు మూడేళ్లప్పుడు ఓ పట్టణంలో ఎగ్జిబిషన్ పెడితే తీసుకెళ్లారు. రంగులరాట్నం ఎక్కిస్తే ఒకటే ఏడుపు. దించితే నిద్ర. ఆ రాత్రంతా ఆమెను భుజాన మోసింది వాళ్లమ్మే. ఇప్పుడు అడిగితే పాపకు ఒక్క ముక్క గుర్తు లేదు. ఫొటో చూపిస్తే, “ఇది నేనేనా?” అంటుంది. మనస్తత్వ శాస్త్రం చెప్పేదీ ఇదే. పెద్దయ్యాక చాలామందికి గుర్తుండే తొలి జ్ఞాపకాలు మూడు, మూడున్నరేళ్ల వయసునాటివి. అంతకు ముందువి చెరిగిపోతాయి. చిన్నోడు ఆ గీత దాటాడు. అయితే దాటాడు గానీ, ఏ ముక్క నిలుస్తుందో ఏది పోతుందో వాడి చేతిలోనూ లేదు, వాళ్ల నాయన చేతిలోనూ లేదు.

“గుర్తు లేకపోతేనేం? అన్నం తిన్నది గుర్తుంటాదా? ఒంటికి పట్టలేదా?” అన్నది అవ్వ. ఆ ఇంట్లో చివరి మాట సాధారణంగా అవ్వదే.

అయితే పార్కు వాళ్లు వయసు అడగరు. ఎత్తు అడుగుతారు. 85 సెంటీమీటర్లలోపు పిల్లలకి టికెట్టే అక్కర్లేదు. అక్కణ్నుంచి 140 వరకూ పిల్లల టికెట్టు. అది దాటితే పెద్దల టికెట్టు. గుండె ఝల్లుమనిపించే రైడ్లలో చాలావాటికి కనీసం ఉండాల్సిన ఎత్తు కూడా ఆ 140 దగ్గరే ఉంటుంది. ఇది చాదస్తం కాదు. తలకిందులుగా తిరిగేటప్పుడు మనిషిని పట్టి ఉంచేది భుజాల మీదికి దిగే కడ్డీ, ఒళ్లో బిగిసే కడ్డీ. వాటిని ఓ కొలత మనుషుల కోసం చేస్తారు. అంతకన్నా చిన్నవాళ్లయితే భుజానికీ కడ్డీకీ మధ్య సందు మిగులుతుంది. ఎన్నేళ్లొచ్చినా, ఎంత ధైర్యం ఉన్నా ఆ సందు పూడదు. అమెరికాలో డిస్నీలాండ్‌లోనూ ఇదే పద్ధతి. మూడేళ్లలోపు వాళ్లకి టికెట్ లేదు గానీ, అక్కడి స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే 40 అంగుళాలు ఉండాల్సిందే.

సంక్రాంతికి కొలిస్తే పాప 138 వచ్చింది. మడమలెత్తితే 140 వచ్చింది గానీ, అమ్మ చూసేసింది. నాయన మొహంలో వెలుగు. “పిల్లల టికెట్టులోనే అయిపోతాది, ఇప్పుడే పోదాం” అన్నాడు. పాప కళ్లలో నీళ్లు. చౌక టికెట్టుతో లోపలికి పోయి, పెద్ద రైడ్ల దగ్గర కింద నిలబడి చూడ్డానికా? “వద్దు నాయనా, వేసవి సెలవులకి పోదాం” అంది. ఆ వయసు పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు. నాలుగు నెలలాగితే సరిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే, పల్లెల్లో చేతికొచ్చిన డబ్బు నాలుగు నెలలు చేతిలో ఉండదు. బోరు మోటారు కాలుతుంది. ఎవరిదో పెళ్లొస్తుంది. జూన్‌లో విత్తనం కొనాలి.

అవ్వ లేచి, ఆ డబ్బు లెక్కపెట్టించుకుని తన ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. తాళంచెవి వక్కాకు సంచిలోకి పోయింది. మార్చిలో మోటారు పని బడి కొడుకు ఒకసారి అడిగాడు. అవ్వకి ఆ రోజు చెవులు వినపడలేదు!

నిజానికి ఈ ప్రయాణం మీద అందరికన్నా పెద్ద ఆశ నాయనదే. 2007లో, పద్దెనిమిదేళ్ల వయసులో మైసూరు రోడ్డులో బేల్దారి పనికి వెళ్లాడు. వండర్‌లా అక్కడ తెరిచింది 2005లో. పనికి వెళ్లే లారీలోంచి చూస్తే చెట్ల పైన పెద్ద చక్రం ఒకటి తిరుగుతూ కనిపించేదట. ఆ సంగతి పెళ్లానికి కూడా చెప్పలేదు. చెప్పింది ఈ పేచీ మొదలయ్యాకే.

డిస్నీలాండ్ కూడా ఓ తండ్రికి వచ్చిన ఆలోచనేనంటారు. వాల్ట్ డిస్నీ తన కూతుళ్లని పార్కుకి తీసుకెళ్లేవాడు. వాళ్లు రాట్నం ఎక్కి తిరుగుతుంటే తను బెంచీ మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ ఉండేవాడు. అమ్మానాన్నలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటుండాలని అప్పుడే తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. 1955 జులై 17న డిస్నీలాండ్ తెరిచారు. అనంతపురం మనుషులకి ఆ కథలో నచ్చేది శనక్కాయలే అనుకోండి.

అమ్మ సంగతి ఎవరూ అడగలేదు. ఆమె రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పనికి వెళ్తుంది. నీళ్ల ఆటల్లోకి చీర, చుడీదారు, నూలు బట్టలు పనికిరావని, నైలాన్‌వే వేసుకోవాలని తెలిసి, “జీన్స్?” అని అడిగిందట. అదీ కుదరదన్నారు. రోజూ పదుల కొద్దీ కుట్టే బట్ట అక్కడ పనికిరాదు! “అయితే నేను గట్టున కూర్చుంటాలే” అంది. చిన్నోడి గురించి ఆమెకున్న భయం మాత్రం వేరు. తప్పిపోతేనో? నడవనంటేనో? వాణ్ని పరీక్షించడానికి ఫాల్గుణంలో నాయకనహట్టి తేరుకి తీసుకెళ్లారు. చళ్లకెర తాలూకాలో తిప్పేరుద్రస్వామి తేరంటే చుట్టుపక్కల తెలుగూ కన్నడా అంతా అక్కడే ఉంటుంది. ఆ జనంలో చిన్నోడు గంటన్నర నడిచాడు, వరుసలో నిలబడ్డాడు, అడిగిన బొమ్మ కొననంటే కాసేపు అలిగి ఊరుకున్నాడు. పుట్టినరోజుల లెక్క కన్నా ఈ పరీక్షే గట్టిది. వద్దన్నప్పుడు ఊరుకోగలడా, వరుసలో నిలబడగలడా అన్నది తేలకుండా వందల కిలోమీటర్లు తీసుకెళ్లడం దండగ.

ఏప్రిల్ చివర పాప 140 గీతని వెంట్రుకవాసి దాటింది. పెద్దల టికెట్లు మూడు, పిల్లల టికెట్టు ఒకటి. శని, ఆదివారాల్లో రద్దీ, రేటు రెండూ ఎక్కువని మంగళవారం ఎంచుకున్నారు. రాయదుర్గంలో రాత్రి బస్సు ఎక్కారు. అవ్వ రానంది. పులిహోర కట్టి ఇచ్చింది. దాన్ని దారిలోనే తినేశారు.

పార్కులో పెద్ద రైడు దగ్గర కొలిచే కర్ర కింద పాప నిలబడింది. సరిపోయింది. నాలుగు నెలలు ఆగిందంతా ఇందుకే. గంట సేపు వరుసలో ముందుకు జరిగారు. ఇంకా నలుగురు ఉన్నారనగా పైనుంచి వచ్చే కేకలు విని పాప నాయన చొక్కా పట్టుకుంది. “నేను ఎక్కను నాయనా.” నాయన ఒక్కమాట అనలేదు. కమ్మీల పక్కనుంచి ఆమెను అమ్మ దగ్గరకు దాటించి, తను మళ్లీ వరుసలోకి వచ్చి ఎక్కాడు. దిగాక పది నిమిషాలు బెంచీ మీద కదలకుండా కూర్చున్నాడు. “ఎట్లుండింది?” అంటే నవ్వాడే గానీ జవాబు చెప్పలేదు.

మధ్యాహ్నం నుంచి నలుగురూ నీళ్లలోనే ఉన్నారు. అమ్మ అద్దెకి నైలాన్ దుస్తులు తీసుకుని, తువ్వాలు కప్పుకుని వచ్చి, అలల కొలను అంచున కాళ్లు పెట్టి కూర్చుంది. మొదటి అలకి కేక పెట్టింది. మూడో అలకి తువ్వాలు గట్టున పడేసింది. మూసే వేళకి ఆమెను బయటికి తేవడమే కష్టమైంది. గుమ్మఘట్ట మండలంలోనే భైరవానితిప్ప డ్యాం ఉంది. వేదావతి పొంగి అది నిండడమే అపురూపం. 2022లో నిండినప్పుడు చూడ్డానికి పోయారు గానీ గట్టు దిగలేదు. నడుం లోతు నీళ్లలో నిలబడటం ఆమెకు అదే మొదలు. ఆమెకు ముప్ఫై మూడేళ్లు.

తిరుగు బస్సులో చిన్నోడు కిటికీకి చెంప ఆనించి నిద్రపోయాడు. పాప మాత్రం మేలుకునే ఉంది. హిరియూరు దాటాక, “ఇంకోసారి వస్తే ఎక్కుతా నాయనా” అంది. “చూద్దాంలే” అన్నాడు. ఆ మాటకు అర్థం ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పాప మళ్లీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే చిన్నోడు ద్వారబంధానికి వీపానించి నిలబడ్డాడు. అవ్వ తల మీద స్కేలు పెట్టి, పెన్సిలుతో గీసి, మనవరాలితో అంకె చదివించుకుంది. నూట తొమ్మిది.

“ఎర్ర గీతకి ఇంకెంత?” అని వాడు అడిగాడు.

“ముప్ఫై ఒకటి” అంది పాప.

అవ్వ వక్కాకు సంచి తెరిచి తాళంచెవి ఉందో లేదో చూసుకుంది.