బెల్లం ఉచ్చ పోసిన రోజు

తెనాలిలో మా అమ్మమ్మ వాళ్ళింట్లో పిల్లులకు పేర్లుండేవి కావు. నల్లది, చారలది, కుంటిది, అంతే. వడ్ల పురి చుట్టూ ఎలుకలు, పందికొక్కులు తిరిగే ఇల్లు కాబట్టి పిల్లి లేకపోతే గడవదు. మేం తినగా మిగిలిన పెరుగన్నం, చేపలావిడ వచ్చిన రోజైతే తలకాయలూ తోకలూ వాటికి ముట్టేవి. ఏదైనా ఈనే సమయానికి అమ్మమ్మ అటక మీద పాత చీర పరిచేది. "ఏడిళ్ళు తిప్పుద్దిగా పిల్లల్ని, ముందు మనింట్లో పెట్టనీ" అనేది.

వాటిలో చారలది నాది. మగది. ఎడమ చెవి కొస చీలి ఉండేది. 1977 నవంబరు ఉప్పెన తర్వాత దివిసీమ నుంచి వచ్చిన చుట్టాలు కొన్నాళ్ళు మా వరండాలో ఉన్నారు. పెద్దవాళ్ళు వాళ్ళతో ఏం మాట్లాడేవారో నా చెవిన పడలేదు, పడినా నిలవలేదు. ఆరని బట్టల ముక్క వాసన, రాత్రంతా గోడవైపు తిరిగి కూర్చునే ఒకావిడ వీపు, ఈ రెండే మిగిలాయి. ఆ చలికాలంలోనే చారలది తిండి మానేసింది. పెరట్లో మట్టి గీకేది, కూర్చునేది, లేచి రెండడుగులు వేసి మళ్ళీ గీకేది. తర్వాత కనిపించకుండా పోయింది. లాంతరు పట్టుకుని వెతికితే గడ్డివామి వెనకాల బిగుసుకుపోయి ఉంది. నేను ఏడుస్తుంటే అమ్మమ్మ నా తల మీద చెయ్యి వేసి, "రోగమొస్తే అది చెప్పుకోదు తల్లీ, చోటు చూసుకుంటది" అంది.

ఆ మాట లోతు నాకు నలభై ఏళ్ళు దాటాక, హైదరాబాదులో తెలిసింది.

బెల్లం మాకు మల్కాజిగిరిలో, వానాకాలంలో, కరెంటు మీటర్ల అరలో దొరికాడు. పాత బెల్లం రంగు. ఎర్రపిల్లుల్లో మగవే ఎక్కువట. ఆ రంగునిచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కనుక మగదానికి ఒక్కటి చాలు, ఆడదానికి రెండు వైపులనుంచీ రావాలి. టీకాలకు తీసుకెళ్ళినప్పుడు డాక్టరమ్మ చెప్పింది. నా పొట్ట మీద ముందుకాళ్ళతో పిండి పిసికినట్టు పిసికేవాడు. పిల్లప్పుడు తల్లి దగ్గర పాలు రావడానికి చేసే పని పెద్దయ్యాకా వదలదు. మా ఆయన పేపరు విప్పితే సరిగ్గా చదివే కాలమ్ మీదే పడుకునేవాడు. తలుపు అంచుకీ, మా కాళ్ళకీ బుగ్గలు రాసి తన వాసన పెట్టుకునేవాడు. వాసన ఉన్నంత మేరా తన ఇల్లే. ఇంటికి ఎవరొచ్చినా ఆ పరీక్ష అయ్యాకే సోఫా.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. అందరం ఇంట్లోనే. పగలంతా నిశ్శబ్దంగా ఉండే గదుల్లో మాటలు, టీవీలో లెక్కలు, పిల్లల ఆన్‌లైన్ పాఠాలు. వాడికి నచ్చే చేప దొరకడం మానేసింది. మూలనున్న పొడి గింజల సంచీయే గతి అయింది. నీళ్ళు తక్కువ తాగే జాతి, పైగా పొడి తిండి, పైగా ఇల్లంతా అలజడి. ఈ మూడూ కలిస్తే మగపిల్లి మూత్రాశయానికి ఎంత చేటో ఆ ఏప్రిల్‌లోనే విన్నాను.

తేదీ గుర్తు లేదు. మధ్యాహ్నం మట్టి ట్రేలో గీకుతున్న చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్ళీ వినిపించింది. వెళ్ళి చూస్తే వాడు వీపు వంచి కూర్చుని ఉన్నాడు, ట్రేలో తడి లేదు. బయటికొచ్చి ఒళ్ళు నాక్కుని మళ్ళీ లోపలికి. పక్కవాటా పెద్దాయన ప్రేమగానే అన్నారు: "మలబద్ధకమై ఉంటుందమ్మా. ఓ చుక్క ఆముదం పట్టించి, నొప్పి తగ్గడానికి అర పారాసిటమాల్ వెయ్యండి." మాత్ర చేతిలోకి తీసుకున్నాను కూడా. అంతలో పెరట్లో మట్టి గీకే చారలది కళ్ళముందుకొచ్చింది. మాత్ర కింద పెట్టి ఫోను అందుకున్నాను.

"పారాసిటమాల్ ఇచ్చారా?" డాక్టరమ్మ మొదట అడిగింది అదే. లేదన్నాను. "ఇవ్వొద్దు. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు, రక్తం పాడై చనిపోతుంది. వెంటనే తీసుకురండి."

రాత్రి ఏడు నుంచి కర్ఫ్యూ. పైవాటా అబ్బాయి స్కూటరు తీశాడు. కూరగాయల బుట్టలో తువ్వాలు పరిచి, పైన ఇంకో బుట్ట బోర్లించి తాడు కట్టాం. మెట్టుగూడ దగ్గర పోలీసాయన ఆపాడు. "ఏందమ్మా, గంపల ఏమున్నది?" "పిల్లి సార్. పొద్దున్నుంచి ఉచ్చ పోయలేదు." ఆయన వంగి సందులోంచి చూశాడు. "మా బిడ్డ గూడ సాదుతుంది ఒకటి. పోండ్రి, జల్దీ పోండ్రి." ఆయన వెనకాల, ఎండలో, నెత్తిన మూటలతో మగవాళ్ళు, పిల్లలు ఒకే వరసలో నడిచిపోతున్నారు. ఎక్కడివాళ్ళో, ఎటు పోతున్నారో అడిగేంత వ్యవధి నా దగ్గర లేదు.

దారిపొడుగునా బుట్టలో గుర్రుమంటూనే ఉన్నాడు. సంతోషంగా ఉంటేనే పిల్లి గుర్రుమంటుందని నా నమ్మకం. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "నొప్పిలోనూ అంటాయండీ." పొట్ట మీద వేళ్ళు ఆన్చి నన్నూ తాకమంది. బత్తాయి కాయంత గట్టిగా ఉంది మూత్రాశయం. మగపిల్లికి మూత్రనాళం చివర సన్నం, ఇసుకలాంటి స్ఫటికాలో జిగురో అడ్డం పడితే చాలు. వెనక్కి తన్నిన మూత్రం వల్ల రక్తంలో పొటాషియం పెరుగుతుంది, పెరిగితే గుండె లయ తప్పుతుంది. రెండు రోజులు గడవనిస్తే చాలావరకు దక్కవు.

మమ్మల్ని లోపలికి రానివ్వలేదు, కరోనా కదా. కానుగ చెట్టు కింద నిలబడ్డాం. మత్తిచ్చి, సన్నటి గొట్టం ఎక్కించి, ముందుకాలికి సెలైను పెట్టారట. ఆ గంటల్లో నేనేం ఆలోచించానో ఎంత తవ్వినా రాదు. కిటికీ తెరుచుకుని, "వచ్చిందండీ, ఎర్రగా వచ్చింది కానీ వచ్చింది" అన్న గొంతు మాత్రం చెవిలో ఉంది. ఆమె ముఖం నాకు తెలిసినదే అయినా, ఆ రోజును తలుచుకుంటే మాస్కు పైన కళ్ళే వస్తాయి.

బెల్లం మెడకు ప్లాస్టిక్ కుప్పెతో, గొరిగిన కాలితో ఇంటికొచ్చిన వారంలోనే, మే 1న, లింగంపల్లి నుంచి హతియాకు వలస కూలీలతో మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది. టీవీలో ఆ మూటలు చూసి మెట్టుగూడ గుర్తొచ్చి లేచి వెళ్ళిపోయాను.

ఒకసారి మూసుకున్న దారి మళ్ళీ మూసుకుపోవచ్చని డాక్టరమ్మ హెచ్చరించింది. అప్పట్నుంచి మా ఇంట్లో నాలుగు మూలలా నీళ్ళ గిన్నెలు, తిండి గిన్నెకు దూరంగా. ఉప్పు లేకుండా ఉడికించిన చేపలో నీళ్ళు కలిపి పెడతాం. పాలు పొయ్యం. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవని తెలిసింది. పొద్దున్నే కాఫీ కంటే ముందు ట్రే దగ్గర కూర్చుని మట్టి ఉండల పరిమాణం చూస్తాను. పెద్ద ఉండ కనబడితే ఆ పూట నాకు పండగ. చుట్టాలకు ఇది వింతగా ఉంటుంది. ఉండనీ. నోరు తెరిచి చెప్పుకోని ప్రాణి మనకు చెప్పే మాట అక్కడే ఉంటుంది.

బెల్లం ఇప్పుడు ముసలివాడయ్యాడు. బాగా తాగుతాడు, బాగా పోస్తాడు.

మగపిల్లి ఉన్న ఇళ్ళవాళ్ళకు నా విన్నపం ఒక్కటే. అది మాటిమాటికీ ట్రేలోకి వెళ్ళి కూర్చుని, తడి లేకుండా లేస్తుంటే మలబద్ధకమని సరిపెట్టుకోకండి. మన మందులు వెయ్యకండి, పొట్ట నొక్కకండి, తెల్లారాక చూద్దామనుకోకండి. బుట్టలో పెట్టుకుని ఆ గంటలోనే పశువైద్యుల దగ్గరికి బయల్దేరండి.