వాసన పరీక్షలో నేను తప్పిన సంగతి

మన పాఠశాల సంచికకు వ్యాసమొకటి పంపుమని సంపాదకులు వ్రాసినప్పుడు, కెనడా దేశపు మంచును గూర్చి వ్రాయుదునా, సరస్సులను గూర్చి వ్రాయుదునా యని కొంత తడవు ఆలోచించితిని. అవి పుస్తకములలో దొరకును. నా యనుభవములోని సంగతి యొకటి కలదు. అది నాకు గౌరవము తెచ్చునది కాదు. అయినను పరీక్షలు వ్రాయు పిల్లలకును, వానిని దిద్దు పెద్దలకును పనికివచ్చునని తలచి దానినే వ్రాయుచున్నాను.

నేనుండునది ఆంటేరియో రాష్ట్రము. ఇచట కుక్కలను పెంచువారు సంఘములుగా కూడి వానికి పలువిధములైన విద్యలు నేర్పుదురు. అట్టి విద్యలలో నొకటి వాసన పట్టుచు కంచెలు దాటు పందెము. దాని పద్ధతి యిది. జట్టునకు నాలుగు కుక్కలు, నలుగురు యజమానులు. గీత కెదురుగా వరుసగా నాలుగు పొట్టి కంచెలు. వాని కావల నొక పలక. పలకమీద రెండు కొనలు లావుగాను, నడుమ సన్నముగాను ఉండు కొయ్య డంబెల్లులు నాలుగు. చూచుట కవి యన్నియు నొక్కటే. వానిపై వేసిన అంకెలు మాత్రము వేఱు. ఆ యంకెలు మనకొఱకు. కుక్కకు చదువు రాదు గదా. ప్రతి యజమానుడును తన డంబెల్లును అఱచేతులతో బాగుగా రుద్ది యిచ్చును. వానిని పలకమీద తాఱుమాఱుగా పెట్టుదురు. కుక్క నాలుగు కంచెలను దాటిపోయి, నాలుగింటిని మూచూచి, తన యజమానుని చేతి వాసనగల దానినే నోట కఱచుకొని, మరల నాలుగు కంచెలను దాటి రావలెను. అది గీత చేరినపిదపనే రెండవ కుక్కను విడువవలెను. వేఱొకరిది తెచ్చినచో ఆ కుక్క మరల పరుగెత్తవలసినదే. ఎదుటి జట్టు కూడ ప్రక్కనే పరుగెత్తుచుండును గనుక వేగమును కావలెను, నిదానమును కావలెను. ఈ రెండును ఒక్క చోట కుదురుట ఎంత కష్టమో లెక్కల పరీక్షకు కూర్చున్న ప్రతి బాలునకును తెలియును.

ఈ పందెమునకు మూలమైన విద్య చాల పాతది. 1933 లో హెలీన్ వైట్‌హౌస్ వాకర్ అను నామె న్యూయార్కు రాష్ట్రమున మౌంట్ కిస్కో యను చోట కుక్కల విధేయతకు పరీక్ష నొకటి జరిపెను. 1936 లో అమెరికా కెన్నెల్ క్లబ్బువారు అట్టి పరీక్షలకు నిబంధనలు ఏర్పఱచిరి. వాసనచేత యజమానుని వస్తువును ఏర్చుట పైతరగతి పరీక్షలో నొక భాగమైనది. దానికి కంచెలును పరుగును చేర్చగా ఈ పందెము పుట్టెను. దీనినుండియే కాలిఫోర్నియాలో ఫ్లైబాల్ అను బంతి పందెము వెలువడెను.

కుక్క ముక్కు గొప్పతనమును మనవారు ఎఱుగనిది కాదు. మనిషి ముక్కులో వాసనను పట్టు సూక్ష్మ గ్రాహకములు 50, 60 లక్షలని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కుక్క ముక్కులో నవి 10 కోట్లు మొదలు 30 కోట్ల వఱకు ఉండును. అది ఊపిరి విడుచునప్పుడు గాలి ముక్కుపుటముల ప్రక్కనున్న చీలికలగుండ పోవును గనుక ఎదుటనున్న వాసన చెదరదు. అయితే నోరు తెఱచి రొప్పుచున్న కుక్క వాసనను బాగుగా పట్టలేదు. అందుచేతనే మంచి యజమానుడు పరుగునకు ముందు కుక్కను నీడను నిలిపి అలసట తీర్చును.

నేను కొన్ని యేండ్లు నా కుక్కతో ఈ విద్య నేర్చితిని. తరువాత సంఘమువారు క్రొత్తగా చేరినవారిని పరీక్షించు పనిని నాకు అప్పగించిరి. నా కాగితములో రెండు వరుసలుండెను. మొదటిది కుక్కకు: గీతవద్ద నిలుకడగా నుండెనా? పోవునప్పుడును వచ్చునప్పుడును కంచెల నన్నిటిని దాటెనా? కంటితో గాక ముక్కుతో వెదకెనా? తీసినదానిని జాఱవిడువక, నమలక తెచ్చెనా? రెండవది యజమానునకు: సరియైన క్షణమున విడిచెనా? కుక్క పలకవద్ద పని చేయుచుండగా నోరు మూసికొని యుండెనా? తప్పు తెచ్చినను కోపగించుకొనలేదా? ఈ కడపటి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. తెచ్చినదానికి తిట్లు తిన్న కుక్క తన ముక్కును నమ్ముట మానివేసి యజమానుని ముఖము చూడ నారంభించును. అట్టిదానిని మరల సరిచేయుటకు నెలలు పట్టును.

ఒకనాడు పదునాలుగేండ్ల బాలిక యొకతె తన కుక్కతో పరీక్షకు వచ్చెను. కుక్క నల్లమచ్చలది, ఏ జాతిదో చెప్పరానిది, వయస్సు మళ్లినది. రాబోవు పందెమునకు జట్టులో ఒక్క స్థానమే ఖాళీగా నుండెను. ఆ బాలిక డంబెల్లు అంకె 3. కుక్క కంచెలను చక్కగా దాటెను. కాని 1 ని తెచ్చెను. డంబెల్లుల వరుస మార్చి రెండవమాఱు పంపించితిని. ఈసారి అది 1 ని మూచూచి, 3 వద్దకు పోయి నిలిచి, మరల వెనుకకు తిరిగి 1 నే తెచ్చెను. బాలిక ముఖము వాడిపోయెను. కుక్క తోక యాడించుచు ఆ కొయ్యను ఆమె చేతి కందించుచుండగా, ఆమె చేయి చాచక మొగము త్రిప్పుకొనెను. నేను "కుక్క: వాసన భేదము తెలియదు. యజమాని: ఓర్పు చాలదు" అని వ్రాసి సంతకము చేసితిని. ఆ స్థానము మఱియొకరికి పోయెను.

ఆ రాత్రి కాగితములను సంఘమునకు పంపుటకు ముందు మరల చదువుచుండగా నేను వ్రాసిన మాటయే నన్ను ఆపెను. "3 వద్ద నిలిచెను." వాసన తెలియని కుక్క నాలుగింటిలో సరిగా దానివద్దనే యేల నిలువవలెను? మరల 1 వద్దకే యేల పోవలెను? అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చెను. పరీక్షకు ముందు 1 వ అంకె యజమానుడు తన కుక్కను కట్టుటకు పోయి, డంబెల్లును బల్లమీద విడిచెను. నేను పటకారుతో తక్కినవానిని సర్దుచు, ప్రక్కనున్న ఆ బాలికతో "అమ్మాయీ, దాని నిటు తెమ్ము" అంటిని. ఆమె దానిని పిడికిట పట్టుకొని తెచ్చి యిచ్చెను. తన డంబెల్లును ఆమె ఉదయమే రుద్ది యుంచెను. దీనిని పట్టుకొన్నది అప్పుడే. పలకమీద ఆమె వాసన గలవి రెండుండగా, కుక్క ఆ వాసన క్రొత్తగా నున్నదానిని తెచ్చెను. అది తప్పు చేయలేదు. తప్పు నాది. ఆ తప్పునకు మార్కులు పోగొట్టుకొన్నది వారు.

ఎవ్వరును చూడలేదు, ఆ బాలికకు సయితము తోచలేదు. కాగితము పంపివేసినచో సంగతి అంతటితో ముగియును. ఈ యూహ నాకు రాలేదని చెప్పిన అబద్ధ మగును. పరీక్షకుడు తప్పెనని తెలిసిన తరువాత నా మాట నెవరు లెక్కచేయుదురని కూడ అనుకొంటిని. తెల్లవారువఱకు నిద్ర పట్టలేదు.

మరునాటి ఉదయమున సంఘపు పెద్దలకు జరిగినదంతయు వ్రాసితిని. తరువాతి వారము అందఱును కూడినప్పుడు నిలుచుండి చెప్పి, ఆ బాలికను క్షమింపుమని అడిగితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "అయ్యా, మీరు చెప్పినది మంచిదే. కాని నేను దానిని ఇంటికి పోవువఱకు పలుకరింపలేదు. అది నా కాళ్లవద్దనే పడుకొని యుండెను" అనెను. ఆ మాటకు నావద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

ఎవరును తాకని క్రొత్త డంబెల్లులు తెప్పించి మరల పరీక్షించితిమి. ముసలి కుక్క కంచెలను దాటి పలకను చేరి, అచట నిలిచి, వెనుకకు తిరిగి బాలిక ముఖమును చూచెను. ఒక్క వారములోనే దాని నమ్మకము సడలెను. ఆమె పెదవి కఱచుకొని, చేతులు కట్టుకొని, కదలక మెదలక నిలిచెను. చూచుచున్న మేమందఱము ఊపిరి బిగబట్టితిమి. కుక్క మెల్లగా తల వంచి, నాలుగింటిని ఒక్కొక్కటిగా మూచూచి, 3 ని తీసికొని వచ్చెను. ఆమె నేలపై మోకరించి దాని మెడను కౌగిలించుకొనెను. కాలము చాల పట్టినది. వేగమునకు తక్కువ మార్కులే వేయవలసి వచ్చెను. ఓర్పునకు మాత్రము నిండు మార్కులు వేసితిని.

అయినను జట్టులోని ఆ స్థానము ఆమెకు దక్కలేదు. పేర్లు పంపుటకు గడువు అంతకు ముందే దాటిపోయినది. పందెము దినమున ఆమె తన కుక్కతో గీత ప్రక్కను కూర్చుండి మా జట్టును ఉత్సాహపఱచుట చూచితిని. ఒప్పుకొన్న తప్పు కూడ తాను చేసిన నష్టమును పూర్తిగా తీర్పజాలదని ఆనాడు తెలిసినది. కనుకనే తప్పు జరుగకమునుపే జాగ్రత్తపడవలెను.

అప్పటినుండి నా కాగితములో మూడవ వరుస నొకటి చేర్చితిని. అది పరీక్షకునకు: ఏ వస్తువును ఎవరు తాకిరి? నేను ఎవరికేమి చెప్పితిని? నాకు తెలియరాని దేదైన కంటబడినదా? మొదట ఈ వరుసను నింపి, పిదపనే తక్కిన రెండింటిని నింపుచున్నాను.