కంబాలకొండ చుట్టివచ్చుట

విశాఖపట్టణమున జంతుప్రదర్శనశాలకు ఎదుట, రాజమార్గము నానుకొని కంబాలకొండ యభయారణ్యము కలదు. దీని వైశాల్యము సుమారు 70 చదరపు కిలోమీటరులు. పూర్వము విజయనగరము మహారాజుగారి యధీనమందుండిన యీ భూమి 1970వ సంవత్సరము మార్చి 10వ తేదీనుండి అటవీశాఖవారి పాలనలోనికి వచ్చినది. ఇందు చిరుతపులి కలదని విని మా తమ్ముడు రానని కూర్చుండెను. నేనును మా తాతగారును మాత్రమే పోయితిమి.

తాతగారు బాల్యమున నీ కొండలలో పశువులను మేపినవారు. ఇప్పుడు వారి రెండు కన్నులకును పొరలు క్రమ్మినవి. శస్త్రచికిత్సకు దినము నిర్ణయమైనది. "చూపు వచ్చిన పిదప పోవచ్చును గదా" యని అమ్మ యనగా, "రాకున్ననో?" యని వారు చేతికఱ్ఱ తీసికొనిరి. నాకు వేఱొక పనియు నుండెను. రాబోవు వానకాలమున మా తరగతివారు అనుమతి పొంది అచ్చట ఏబది మొక్కలు నాటదలచినారు. తగిన చోటు చూచిరమ్మని ఉపాధ్యాయులు నాతో చెప్పియుండిరి.

నవంబరు మాసమగుటచే గెడ్డలో నీరింకను పారుచుండెను. కావలివాడు ముందు నడిచెను. గెడ్డ వెంట నేరేడు మొదలగు చెట్లు దట్టముగ పెరిగి, ప్రొద్దెక్కినను నీడ చల్లగ నుండెను. రాలిన యాకులచే నేల కాలికి మెత్తగ తగిలెను. పిమ్మట బాట వాలెక్కెను. చెట్లు పొట్టివయ్యెను, ఈతపొదలును ముండ్లును వచ్చెను. అంతలో తాతగారు నిలిచి, "గడ్డిలోనికి వచ్చితిమి" అనిరి. ఎట్లు తెలిసినదని యడిగితిని. ఎండ మొగమునకు తగిలినదనియు, గాలి చప్పుడు మారినదనియు, కఱ్ఱ రాతిమీద మ్రోగినదనియు చెప్పిరి.

ఈ మూడవ మాటయందే యంతయు నున్నది. ఈ కొండలు ఖోండలైటు అను రాతివి. వానకు వాలుమీది మన్ను కొట్టుకొనిపోయి గెడ్డలలో చేరును. మన్ను లోతుగ నున్నచోట అడవి నిలుచును. గడ్డికి జానెడు మన్ను చాలును. ప్రతి వేసవియందును పాతగడ్డిని కాల్చెడివారమని తాతగారు చెప్పిరి గనుక మనుష్యుని చేయియు నిందు లేకపోలేదు.

"మొక్కలు నాటవచ్చినవారందఱును ఈ బయలునే యడుగుదురు, బాబూ! ఖాళీగ నున్నదందురు" అని కావలివాడనెను.

"ఖాళీయా?" అని తాతగారు కొంచెము కోపముతోనే యనిరి. "పూరేడు గ్రుడ్లెచ్చట పెట్టును? దుప్పి యేమి మేయును? దుప్పి లేకున్న చిరుత ఊరిలోనికి వచ్చి కుక్కలను పట్టదా?"

బాట అవతలివైపునుండి మరల గెడ్డకు దిగును. ఆ దిగువను 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని వచ్చిన హుద్‌హుద్ తుపానునకు కూలిన మ్రాకులు కొన్ని యిప్పటికిని పడియున్నవి. చెట్లు పోయిన తెఱపిలో లాంటానా యల్లుకొని, మఱియొక మొక్క మొలచుటకు సందీయలేదు. తాతగారొక మ్రానిమీద కూర్చుండి, దాని నిమురుచు చాలసేపు మాటాడలేదు. తరువాత కఱ్ఱను నేలలోనికి గ్రుచ్చిరి. అది మూరెడు దిగెను. "మీ మొక్కలకు చోటిది, నాయనా" అనిరి.

నేను చూచినదంతయు తరగతిలో చదివితిని. లాంటానా నఱకుట కష్టమనియు, బయలైనచో ఒక్క పూటలో ముగియుననియు, ఛాయాచిత్రమునకు కూడ బాగుగ నుండుననియు కొందఱు వాదించిరి. కష్టమన్న మాట నిజమే. తుదకు ఇరువదిమంది గెడ్డకును, పదునెనమండుగురు బయలునకును చేతులెత్తిరి. ఉపాధ్యాయులు అటవీశాఖవారికి జాబు వ్రాసిరి.

తాతగారి కుడికంటి కట్టు విప్పిరి. ఎడమకన్ను జనవరిలో.