అటకామా గని నుంచి రెండు ఉత్తరాలు

కోపియాపో, చిలీ

బాపూ,

జన్మంతా బొగ్గుబాయిలో దిగి ఎక్కినవాడివి. ఈ కథ ముందు నీకే రాయాలి.

ఈ ఊరికి ఉత్తరాన ఎడారిలో శాన్ హోసే గని ఉంది. రాగి, బంగారం తీసేవాళ్లు. 2010 ఆగస్టు 5న దారి కూలి 33 మంది దాదాపు 700 మీటర్ల లోతున చిక్కుకున్నారు. ఆశ్రయ గదిలో తిండి రెండు రోజులకే ఉంది. దాన్ని వాళ్లు 17 రోజులు సాగదీశారు. రెండు రోజులకోసారి రెండు చెంచాల ట్యూనా చేప, కాసిని పాలు, ఒక బిస్కెట్టు. అందరికీ వడ్డించేదాకా ఎవరూ నోట పెట్టలేదు. తాగింది యంత్రాల కోసం నిల్వ ఉంచిన నీళ్లు.

షిఫ్టు పెద్ద లూయిస్ ఉర్సువా, మన ఓవర్‌మన్‌లాంటివాడు. ఇక పైవాడూ కిందివాడూ లేరన్నాడు. పెద్ద నిర్ణయాలకు ఓటు పెట్టుకున్నారు. హోసే ఎన్రీకెస్ రోజూ ప్రార్థన చేయించేవాడు. మారియో సెపుల్వెదా నవ్వించేవాడు, అరిచేవాడు కూడా. తగాదాలు లేకపోలేదు. సినిమాల్లో చూపినంత సాఫీగా ఏ మనుషులూ ఉండరు కదా!

---

శాన్ హోసే గని దగ్గర

బాపూ,

ఆగస్టు 22న పైనుంచి వేసిన బోరు వాళ్లను చేరింది. 33 మందీ క్షేమమని రాసిన చీటీ డ్రిల్లుకు కట్టి పంపారు. ఊపిరి పీల్చుకుని కూర్చుంటారనుకుంటావు. కూర్చోలేదు. మూడు జట్లయి, ఎనిమిది గంటల షిఫ్టుల్లో పనికి దిగారు. వాళ్లను పైకి తీయడానికి ఒక బోరును వెడల్పు చేస్తుంటే రాళ్లన్నీ వాళ్ల దగ్గరికే రాలేవి, ఎత్తిపోయాల్సింది వాళ్లే. తమను బయటికి తెచ్చే దారికి వాళ్లూ చాకిరీ చేశారు. వాళ్లలో ఎడిసన్ పేన్యా సొరంగంలో రోజూ పరుగెత్తేవాడు. ఆ నవంబరులోనే న్యూయార్క్ మారథాన్ పూర్తి చేశాడు.

చిక్కుకున్న 69 రోజులకు, అక్టోబరు 13న, అందరూ బయటపడ్డారు. ఉర్సువా చివరివాడు.

ప్రపంచం వాళ్ల గుండె నిబ్బరాన్ని పొగిడింది, పొగడాల్సిందే. కానీ మొదటి రోజే వాళ్లు గాలి దారిగుండా పైకెక్కబోతే పైదాకా నిచ్చెన లేదు. అదుంటే ఆ నిబ్బరంతో ఇంత పని పడేదా? ఈ ప్రమాదంపై మూడేళ్ల విచారణ 2013 ఆగస్టులో ఎవరి మీదా అభియోగం మోపకుండానే ముగిసింది.