క్యూబ్‌కి తర్జుమా

తర్జుమా అనగానే మనకు కితాబులే యాదికొస్తాయి. ఒక ఆటబొమ్మకి కూడా తర్జుమా జరిగింది.

1974లో బుడాపెస్ట్‌లో ఎర్నో రూబిక్ అనే ఉస్తాద్ రంగుల క్యూబ్ తయారుచేశాడు. ఆరు ముఖాలు, 54 గళ్లు. కొన్నేళ్లలో దునియా అంతా దానికి దీవానా అయిపోయింది. 1982లో అటారి కంపెనీ దాన్ని టీవీకి తగిలించి ఆడే తన 2600 మెషీన్‌కి వీడియో గేమ్‌గా మార్చింది.

ముష్కిల్ ఏందంటే, ఆ మెషీన్ యాద్‌దాష్త్ 128 బైట్లే. మీరిప్పుడు ఫోన్‌లో చదువుతున్న ఈ ఒక్క వాక్యం కూడా అందులో పట్టదు. పైగా ఆడేవాళ్ల చేతిలో ఉండేది ఒక జాయ్‌స్టిక్, ఒక బటన్. రెండు చేతులతో క్యూబ్ తిప్పే మజా దాంతో ఎక్కడ వస్తుంది? అందుకే తిప్పడమే తీసేశారు. తెర మీద ఒకసారికి ఒక్క ముఖమే కనిపిస్తుంది. దాని మీద ఒక చిన్న మనిషి నడుస్తుంటాడు. ఒక గడిలో రంగు ఎత్తుకుని ఇంకో గడిలో పెట్టి, అక్కడి రంగు తీసుకుంటాడు. తన దగ్గరున్న రంగు గడి మీద మాత్రం అడుగు పెట్టలేడు. మిగతా ఐదు ముఖాలు మన జెహన్‌లో ఉండాలి.

ఒక్కో ముఖం ఒక్కో రంగు కావాలనే మఖ్సద్ మిగిలింది, చేతి హునర్ పోయింది. దీన్ని ఖియానత్ అనలేం, మంచి ఆటే. కానీ అది ఆడినవాడికి అసలు క్యూబ్ ఇస్తే మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సిందే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలోని మన ఇళ్లకు ఈ మాట చాలా దగ్గర. అమ్మీ నోట ఉర్దూ, బడిలో తెలుగు. ఉర్దూ లఫ్జులు తెలుగు అక్షరాల్లోకి తెచ్చే పని నేనూ చేస్తున్నాను. కహానీ, లతీఫా, నసీహత్ అలా వస్తే బర్కతే. పిల్లలు దువాలు, సూరాలు కూడా తెలుగు లిపిలోనే చదివి ఊరుకుంటే మాత్రం ఫికర్ పడాలి. అరబ్బీలో గొంతు లోపలినుంచి పలికే ఖాఫ్‌తో 'ఖల్బ్' అంటే గుండె. మామూలు కాఫ్‌తో 'కల్బ్' అంటే కుక్క. తెలుగులో 'ఖ' పెట్టినా, 'క' పెట్టినా ఆ ఖాఫ్ ఆవాజ్ రాదు.

లతీఫాలో ఒక హర్ఫ్ జారితే నవ్వుకుంటాం. తిలావత్‌లో జారితే మానీయే మారిపోతుంది. తెలుగు లిపి పిల్లల్ని దర్వాజా దాకా తీసుకొస్తుంది, తీసుకురానివ్వండి. లోపల అలిఫ్, బే నేర్పడానికి మాత్రం దాదీమా అయినా, మౌల్వీసాబ్ అయినా రోజూ ఒక పావుగంట పక్కన కూర్చోవాలి.